నంబరు పడిన పడవ

హనుమకొండ మత్స్యశాఖ ఆఫీసులో చేపల పేరు మీద జీతం తినే గుమాస్తా సారంగపాణికి చేపవాసన పడదు. జాలరి గుమ్మమెక్కితే చాలు, సెంటు పూసిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కనుబొమలతోనే మాట్లాడతాడు. ధర్మసాగర్ జాలరి ఉప్పలయ్య తన పాత పడవను రిజిస్టరు చేయమని వచ్చినప్పుడూ ఆ రుమాలు లేచింది. రిజిస్టరు కాని పడవతో చెరువులో వల వేయనివ్వరు మరి.

"నంబరేది?"

"మా అయ్య చేసిన పడవ సార్. నంబరు యాడికెళ్లి వస్తది?"

"సైకిల్‌కు సుత నంబరుంటది. నీ పడవ దానికన్న గొప్పదా?"

పడవకు నంబరు వేయించడానికి సారంగపాణి జీపులో చెరువుకు వెళ్లాడు గానీ, బూట్లకు బురద అంటుతుందని కట్ట దిగలేదు. నంబరు రంగుతో రాస్తే నీళ్లకు పోతుందట, ఉలితో లోతుగా చెక్కాలట.

"పాత కట్టె సార్, ఉలి దెబ్బకు ఆగదు," అన్నాడు ఉప్పలయ్య.

"నాకే నేర్పుతున్నవా?"

ఉప్పలయ్య చెక్కుతుంటే చివరి అంకె దగ్గర చెక్క చిట్లింది. అయినా నడిపి చూపించమన్నాడు సారంగపాణి. నడి చెరువులో పడవ బుడుంగున మునిగింది. ఉప్పలయ్య ఈదుకుంటూ వచ్చి, నీళ్లోడుతూ ఎదుట నిలబడ్డాడు.

సారంగపాణి రెండడుగులు వెనక్కి జరిగి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఫికరెందుకు? ఇప్పుడు నంబరున్నది గదా, దేవులాడుకుంటె దొరుకుతది."