కాల్చని కట్టె

2020 జూన్. సూరత్‌లో లాక్‌డౌన్ సడలించి కొన్ని రోజులే అయింది. సలాబత్‌పురాలోని ఒక పాత ఇంటి నుంచి నాకు ఫోన్ వచ్చింది. కింద మరమగ్గాలు, పైన ముందువైపు కార్మికుల గది, వెనకవైపు గుడ్డ దాచే గోడౌన్. ఇల్లంతా కలప. నేను వడ్రంగిని. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల చెక్కపనికి ఈ ఊరొచ్చాడు. నేను పాత చెక్క ఇళ్ల మరమ్మతులు పట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో ఎన్ని ఇళ్లు చూశానో లెక్కలేదు. ఈ ఇల్లు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫోన్ చేసింది మగ్గాల శేఠ్. ఇల్లు ఆయనది కాదు, అద్దెది. యజమానురాలు పక్క సందులో ఉండే ముసలమ్మ. "మిస్త్రీ, మీ ఊళ్లవాళ్లు ఇంటిని పొయ్యిలో పెట్టేశారు, వచ్చి చూడు" అన్నాడు హిందీలో. మగ్గాలు ఆగాక అందరూ ఊళ్లకు పోతే, ముగ్గురు మాత్రం పై గదిలో ఉండిపోయారట. గ్యాస్ అయిపోయేసరికి ఇంటి కలప కోసి వండుకున్నారట. దూలం కుంగిందట. "వాళ్లే చేశారని ముసలమ్మకు నువ్వు చెప్పాలి. ముగ్గురినీ ఇవాళే బయటికి పంపిస్తా" అన్నాడు.

ఆ రోజుల్లో బయటికి పంపడమంటే చిన్న మాట కాదు. పరాయి ఊరి కూలీకి ఎవరూ గది ఇచ్చేవారు కాదు. ఎవరైనా దగ్గితే సందు సందంతా తలుపులు వేసుకునేది. ఆ ముగ్గురిలో పెద్దవాడు కనకయ్య. అరవై దాటాయి. మా ఊరికి రెండు కోసుల దూరం వాళ్ల ఊరు. నేను కాకా అని పిలిచేవాణ్ని.

చెక్క ఇల్లంటే తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇలాంటి ఇంట్లో గోడ బరువు మొయ్యదు. ఇటుకలు మధ్యలో నింపినవే. బరువు మోసేది పోస్ట్, అంటే స్తంభం. స్తంభాల మీద పడుకునేది బీమ్, దూలం. దూలాల మీద అడ్డంగా జాయిస్టులు, మన వైపు దంతెలంటారు. వాటి మీద పైఅంతస్తు పలకలు. ఇక స్తంభానికీ దూలానికీ మధ్య మూలగా, మోచేతిలా వంచి పెట్టే కర్ర ఒకటుంటుంది. దాన్ని బ్రేస్ అంటాం. చూడటానికి అలంకారంలా ఉంటుంది. కానీ దూలం కుంగకుండా, ఇల్లు పక్కకు వాలకుండా పట్టుకునేది అదే. కింద మగ్గాలు రోజంతా దడదడలాడే ఇంట్లో దాని అవసరం ఇంకా ఎక్కువ.

నేను వెళ్లేసరికి శేఠ్ గుమ్మంలోనే ఉన్నాడు. పదేళ్ల కింద ఇక్కడేదో చిన్న పని చేసినట్టు లీలగా గుర్తుంది, ఏమిటో గుర్తులేదు. లోపల మధ్య దూలం రెండు వేళ్లంత కుంగింది. దాని ఒక కొసన బ్రేస్ లేదు. కుంగినచోట దూలం కింద ఒక మందపాటి టేకు కర్ర నిలబెట్టి, అడుగున రాయి వేసి, రెండు చీలలు బిగించి ఉన్నాయి. దాన్ని చూడగానే నాకు ఇంకా కోపమొచ్చింది. తప్పు చేసి, దూలానికి పోటు, అంటే ఊతకర్ర, పెట్టి దాచారనుకున్నాను.

కనకయ్య మాస్కు సరిచేసుకుంటూ మెట్లు దిగాడు. శేఠ్ వింటున్నాడన్న ఇంగితం కూడా లేకుండా అరిచాను. "ఏంది కాకా గిది? పొయ్యిల పెట్టుకోనీకి ఇంటి బొక్కలు ఇరుస్తరా? పైన పండుకునేది మీరే గదా! సావాలని ఉందా?"

"కాల్చినం, అబద్ధమెందుకు" అన్నాడాయన. "అల్మరా పలకలు కాల్చినం. ఇరిగిన మంచం కాల్చినం. కిడికీ రెక్క ఒకటి కాల్చినం. గా కర్ర మాత్రం మేం ముట్టలే."

"ముట్టకుంటే గాలికి పోయిందా?"

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, తల దించుకున్నాడు. దొరికిపోయాడు, అందుకే నోరు లేవడం లేదనుకున్నాను. ఇంకో రెండు మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను.

కొత్త బ్రేస్‌కు కొలత తీసుకుందామని నిచ్చెన ఎక్కాను. దూలానికి పట్టిన మసి, దాని కింది ఆకుపచ్చ రంగు ఉలితో గీకాను. ఈ మధ్యే కోసి ఉంటే, పాత బ్రేస్ కొస దూరిన బెజ్జం తెరుచుకుని ఉండాలి. లేదు. అందులో టేకు బిరడా కొట్టి ఉంది. నాలుగు అంచులూ సన్నగా చెక్కి ఉన్నాయి. రంగు ఆ బిరడా మీదుగా కూడా వేసి ఉంది, ఆ రంగు ఏళ్ల నాటిది.

ఈ ఊరి మిస్త్రీలు ఖాళీ బెజ్జంలో సిమెంటు కుక్కుతారు. చెదలు పట్టకుండా అంచులు చెక్కిన టేకు బిరడా కొట్టడం మా నాన్న అలవాటు. ఆయన నుంచి నాకొచ్చింది. సూరత్‌లో ఇంకెవరూ అలా చెయ్యగా నేను చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూలకు జకార్డ్ మగ్గం దింపారు. చీర అంచుకు పువ్వులు నేసేది, ఎత్తుగా ఉంటుంది. దాని తల బ్రేస్‌కు తగిలింది. "కోసెయ్ మిస్త్రీ, ఇనుప పట్టీ తర్వాత వేద్దాం" అన్నాడు ఇదే శేఠ్. నేను కోశాను, బిరడా కొట్టాను, వెళ్లిపోయాను. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు. నేనూ అడగలేదు.

మరి పదేళ్లు నిలిచిన దూలం ఇప్పుడెందుకు కుంగింది? దిగి, పైన గోడౌన్ తాళం తియ్యమన్నాను. తాళంచెవి శేఠ్ జేబులోనే ఉంది. లోపల సరిగ్గా ఆ దూలం మీదే తాకాలు, అంటే రంగెయ్యని గుడ్డ కట్టలు, కప్పుదాకా పేర్చి ఉన్నాయి. లాక్‌డౌన్ ముందు రోజు కింది సరుకంతా పైకెక్కించాడట.

"దూలం కిర్రుమంటుంటే శేఠ్‌కు ఫోన్ చేసినం. కట్టె అన్నంక మొత్తుకుంటది అన్నడు" అన్నాడు కనకయ్య, నాకు మాత్రమే వినబడేలా.

శేఠ్ వైపు తిరిగాను. "ఆ కర్ర కోసింది నేను. కోయించింది మీరు. బరువు పేర్చిందీ మీరే."

"పదేళ్ల మాట ఎవరికి యాదుంటుంది? కూలీలు కాల్చారని చెప్పు, అయిపోతుంది" అన్నాడు, చాయ్ తాగమన్నంత తేలిగ్గా.

అయిపోతుందట! ముగ్గురు మనుషులు రోడ్డున పడితే ఆయనకు అయిపోతుంది. "నాకు యాదుంది. ముసలమ్మకు ఇప్పుడే పోయి చెబుతాను, నేను కోశానని, ఎవరు కోయమన్నారో కూడా" అన్నాను. తనకు చెప్పకుండా బ్రేస్ కోయించారని తెలిస్తే ఆవిడ ఇల్లు ఖాళీ చేయిస్తుంది. శేఠ్ మొహం మారింది. ఆవిడకు చెప్పకూడదంటే మూడు పనులు కావాలన్నాను. తాకాలు ఇవాళే దింపాలి. కొత్త బ్రేస్ బిగించేదాకా మగ్గం తిరగకూడదు. ఈ ముగ్గురు ఎక్కడికీ పోరు. ఆయన గొణిగాడు కానీ కాదనలేదు.

బ్రేస్ చెయ్యడానికి మూడు రోజులు పట్టింది. రెండో రోజు, దూలం కింద పెట్టిన ఆ టేకు కర్రను తడిమి చూశాను. పాత చెక్క మగ్గం కాలు. బాగా ఎండి ఉంది.

"ఇంత మంచి కట్టె పెట్టుకొని పలకలు, కిడికీలు కాల్చుడేంది కాకా?"

"ఇది కాలిస్తె దూలానికేం పెట్టాలె? ఆఖరికి ఇంకేం దొరకక నాల్గు దినాలు అటుకులు నానబోసుకొని తిన్నం."

ఆ కర్ర మీది చెయ్యి తియ్యకుండానే అడిగాను, "బ్రేస్ ఎవరు కోసిండ్రో నీకు ఎరుకలేదా మరి?"

"ఎరుకలేకేం? నువ్వు నిచ్చెన మీద కోస్తుంటే కింద జకార్డ్ పట్టుకున్నది నేనే. రంపపు పొట్టంత నా నెత్తి మీదనే పడ్డది."

"మరి చెప్పవేంది! అన్ని మాటలంటుంటే నోరెందుకు మూసుకున్నవ్?"

"శేఠ్ ముంగట చెప్తే తప్పంత నీ మీదనే రుద్దుతడు, నీకు ఈ సందుల ఇంక పని దొరుకుతదా? పిల్లలు గలోనివి."

మళ్లీ తిట్టాను. నీ మంచితనం తగలబడ అన్నాను. ఆ తిట్టు ఆయనకు కాదని ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు బ్రేస్ బిగించి, చీలలు తట్టి, పోటు తీసేశాను. దూలం కదలలేదు. కనకయ్య ఆ టేకు కర్రను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. వాళ్లకు గ్యాస్ ఇంకా రాలేదు.

"ఇగ దీన్ని కాల్చొచ్చా, రాజేశం?" అని అడిగాడు.

నన్ను అడిగాడు. కోసేటప్పుడు కింద ఉన్న ఆయన్ను ఒక్క మాట అడగని నన్ను.

అప్పటి నుంచి బదులు కర్ర నిలబడ్డాకే పాతది తీస్తాను, 'తర్వాత' అంటే ఒప్పుకోను. ఏ ఇంట్లో రంపం పెట్టే ముందైనా శేఠ్‌ను కాదు, ఆ దూలం కింద పనిచేసేవాళ్లను, పైన పడుకునేవాళ్లను పిలిచి, ఇది కోస్తున్నాను, ఇది మోసే బరువు ఇదీ అని చెప్పి అడుగుతున్నాను. శేఠ్‌లకు కోపమొస్తుంది. రానీ.