మొయినాబాద్ బస్సులో సత్తెమ్మ గురక

నా భార్య సత్తెమ్మకు మూడు నెలలుగా బీపీ దిగడం లేదు. మాత్ర మార్చినా అంతే. పొద్దున లేస్తూనే తల పట్టుకుంటుంది. చేవెళ్లలో మేము చూపించుకునే డాక్టరు, మొయినాబాద్‌లో ఉన్న ఒక డాక్టరమ్మకు చీటీ రాసిచ్చాడు. మంగళవారం ప్రయాణం అందుకే. ఇదే పని మీద వెళ్లేవాళ్లు ఇంకా ఉంటారని కొంచెం వివరంగా రాస్తున్నాను.

గడప దాటకముందే ఆమె షరతు పెట్టింది.

"బీపీ ముచ్చట చెప్పు, తలనొప్పి చెప్పు. గురక ముచ్చట ఎత్తినవో, నడిమిట్లనే లేసొస్త. ఆడిదాని గురక దవాఖానల చెప్తరా ఎవరన్న?"

సరే అన్నాను. ఆ సిగ్గు నాకు కొత్త కాదు. పెండ్లిళ్లలో ఆడవాళ్లంతా ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకుంటే, ఈమె నగల సంచి ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ గోడకానుకుని కూర్చుంటుంది. "సత్తెమ్మ ఉంటే ఫికర్ లేదు" అని చుట్టాలు మెచ్చుకుంటారు. ఆమె కాపలా కాసేది నగలను కాదు, తన గురకను.

9.10కి చేవెళ్ల బస్టాండులో బస్సు కదిలింది. నేను అక్కడే కంట్రోలరుగా చేసి రిటైరయినవాణ్ణి, డైరీలో వేళలు రాసుకోవడం పోలేదు. కండక్టరమ్మ నాకు టికెట్టు కొట్టి, సత్తెమ్మ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు ఇచ్చింది. పక్క వరుసలో ఒకామె కాళ్ల దగ్గర కొత్తిమీర మూటలు. బస్సంతా ఆ వాసనే.

పది నిమిషాలైనా కాలేదు, సత్తెమ్మ తల కిటికీకి వాలింది. గురక మొదలైంది.

"డ్రైవరన్నా, అవ్వ నీ ఇంజన్‌తోని పోటీ వెడుతున్నది!" అంది కండక్టరమ్మ. నలుగురు నవ్వారు. అంతలో గురక టక్కున ఆగింది.

"ఇగ మంచిగ నిద్రవట్టింది" అంది కొత్తిమీర ఆమె.

నలభై ఏళ్లుగా నేనూ అలాగే అనుకున్నాను. ఇంట్లో చీకట్లో వినడమే కానీ ఎన్నడూ చూసింది లేదు. ఇప్పుడు పట్టపగలు, జానెడు దూరంలో చూశాను. ఛాతీ ఎగసిపడుతోంది, గొంతు దగ్గర గుంట పడుతోంది, కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. లేపబోయేంతలో నీళ్లలోంచి పైకి తేలినట్టు గట్టిగా గుక్క తీసుకుంది. మళ్లీ గురక. ఆ తర్వాత చేతిగడియారం చూస్తూ డైరీలో రాసుకున్నాను. పద్దెనిమిది సెకన్లు ఒకసారి, ఇరవై ఆరు ఒకసారి. మొయినాబాద్ వచ్చేలోగా ఏడుసార్లు ఆగింది.

9.50కి దిగాం. దవాఖాన ఐదు నిమిషాల నడక. మా వంతు వచ్చేసరికి 11.20 అయింది. డాక్టరమ్మ చిన్న వయసుది. బీపీ చూసి, "గురక వస్తదా అమ్మా?" అని తానే అడిగింది.

సత్తెమ్మ నా వైపు ఒక చూపు చూసి, "రాదు" అంది.

మాట నిలబెడితే మనిషి నిలవదేమోనని భయం వేసింది. డైరీ తీసి, బస్సులో రాసుకున్నదంతా చదివాను. సత్తెమ్మ తల దించుకుంది. డాక్టరమ్మ పాత పేజీలు కూడా తిప్పింది. చాలా చోట్ల ఒకే వాక్యం: 'గురక ఆగింది. హాయిగా నిద్ర.'

"ఆగినప్పుడు మీరేం చేస్తరు అంకుల్?"

"నిమ్మలపడి నేను గుడ పండుకుంట బిడ్డా."

ఆమె నవ్వలేదు. "ఉత్త గురక అయితే సప్పుడే గానీ ఊపిరి ఆగదు. నడుమ సప్పుడు బందయి, ఛాతీ ఆడుతున్నా గాలి పోకుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. పగటిపూట నిద్ర, పొద్దుగాల తలనొప్పి, దిగని బీపీ, ఇవన్నీ అటే చూపిస్తున్నయ్. పరీక్ష చెయ్యంది మాత్రం చెప్పలేం."

ఆ పరీక్షకు వేలికీ ముక్కుకీ తగిలించే చిన్న మిషను ఇస్తారట. ఇంట్లోనే పెట్టుకుని పడుకోవచ్చు. సత్తెమ్మ లేచి బయటికి నడిచింది.

ఎదురుగా ఉన్న బండి దగ్గర ఇడ్లీ తీసుకున్నాం. సగం తిన్నాక అడిగింది.

"ఎన్నిసార్లు ఆగింది?"

"ఏడు."

"ఏడుసార్లు ఊపిరాగితే లేపవా?"

"లెక్కవెడుతుంటి."

"నీ లెక్కల మన్నువడ!" అని, తన ఇడ్లీ ఒకటి నా ప్లేటులో వేసింది. చేయి కడుక్కుని ఒక్కతే లోపలికి పోయి, మిషను సంచి పట్టుకుని వచ్చింది.

1.05 బస్సులో తిరుగు ప్రయాణం. ఆమె పక్కన ముడిమ్యాల పోయే ఒక కోడలు పిల్ల కూర్చుంది. సంచిలో ఏముందని ఆ పిల్ల అడిగితే గురక సంగతి వచ్చింది.

"మా ఆయన గుడ గంతే అవ్వా. నడుమ ఆగినప్పుడే జర నిద్రవడత."

సత్తెమ్మ నిటారుగా కూర్చుంది. "ఆగుతదా? ఆగితే పండుకోకు బిడ్డా, లేసి ఛాతీ సూడు. గాలి పోతున్నదో లేదో సూడు. నాకు గట్లనే ఆగుతదట!"

నిండు బస్సు. అందరూ తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు. పిల్లకు డాక్టరమ్మ దవాఖాన గుర్తులు చెబుతూ, సందు ఎటు తిరగాలో చేత్తో చూపించింది. ఈ దారిలో ఎన్నో వేలసార్లు తిరిగాను, ఇంత సంతోషంగా ఇల్లు చేరిన ప్రయాణం నాకు గుర్తు లేదు.