ఒడ్డున ఒరిగిన నల్లగీత

మనవరాలు కాగితం నిండా నీలిరంగు పోస్తుంటే దండగని కసిరాను. కానీ ఆ రంగు వాసన నన్ను నాందేడ్‌లో నేను కొన్నాళ్లే చదివిన మరాఠీ బడికి లాక్కుపోయింది.

అక్కడ టీచరు బాయి గోడకు ఒక బొమ్మ తగిలించింది. అంతా నీలం. పడవలాంటి వంపులో ఒక ఎర్ర మరక, ఒడ్డున పక్కకు ఒరిగిన ఒక నల్లగీత. మొహాల్లేవు.

"ఇది సముద్రంలో దీవి. మగవాళ్లు పడవలో పోతారు, ఆడవాళ్లు ఒడ్డున ఎదురుచూస్తారు," అంది బాయి.

"కాదు బాయీ, పడవలో ఎర్రచీర మా అమ్మ. ఒడ్డున ఒరిగింది మా నాయన," అన్నాను. పిల్లలంతా నవ్వారు.

అమ్మ రోజూ రైలెక్కి ఉమ్రికి పత్తి ఏరడానికి పోయేది. కాలు విరిగిన నాయన ఇంట్లో రొట్టెలు చేసేవాడు. బొమ్మలో తిరిగొచ్చే పడవ లేదు. అమ్మ కూడా తిరిగి రాదేమోనని ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. సాయంత్రం నాయనను స్టేషన్‌కు లాక్కుపోయాను.

"అమ్మ అస్తదా నాయనా?"

"అస్తది బిడ్డా, జర ఆగు," అన్నాడు తమ్ముణ్ణి చంకనేసుకుని. ఆయన కళ్లూ పట్టాల మీదే ఉన్నాయి.

రైలు దిగిన అమ్మ తల నిండా పత్తి నూగు. "ఏందయ్యా, అందరు గీడికే అచ్చిండ్రు! పొయ్యి ఎవరు చూస్తున్నరు?" అని గద్దించింది.

ఇప్పుడు మనవరాలి చెయ్యి పట్టి ఆపాను. "మిగిలిన రంగు పారబొయ్యకు. ఈ నీలం పక్కన ఒడ్డు గీసి, దాని మీద ఒక మొగాయన్ని గియ్యి. చంకల పిలగాడు కూడ ఉండాలె."