గుమ్మడి గుజ్జు, లిమిట్ స్విచ్

టెక్కలి వైపు ఒక గ్రానైట్ యార్డుకి కొత్త క్రేన్ వచ్చింది. దాని మోటార్ల నడక సరిచేసి అప్పజెప్పడం నా పని. రెండు కాళ్ల క్రేన్ అది. ఒక్కో కాలూ ఒక్కో పట్టా మీద, ఒక్కో మోటారుతో నడుస్తుంది. కాడికి కట్టిన ఎడ్లలా రెండూ కలిసి అడుగెయ్యాలి.

పొద్దున బాగానే నడిచింది. పూజయ్యాకే మొదలైంది గొడవ. ఎడమకాలు వెనకబడడం, క్రేన్ వంకరపోయి పట్టాలకు బిగుసుకుని ఆగిపోవడం. తెరమీద చూస్తే రెండు మోటార్లూ సమానంగానే తిరుగుతున్నాయి. సెట్టింగులన్నీ మార్చి చూశాను. తల ప్రాణం తోకకొచ్చింది. యార్డు యజమాని, క్రేన్ నడపబోయేదీ అతనే, "సాయంత్రానికి అవ్వకపోతే ఇప్పీసి పట్టుకెళ్లిపోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

చివరికి ఎడమ పట్టా వెంట నడిచాను. పొడుగునా బూడిదగుమ్మడి గుజ్జు, గింజలు. ఆ జిగట మీద చక్రం ఉన్నచోటే తిరుగుతోంది, మోటారేమో ముందుకెళ్లానని లెక్క చెబుతోంది. "ఎవరిదీ పని?" అన్నానో లేదో, "నాను కాదండి, మాయమ్మ" అన్నాడు యజమాని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

పట్టా కడిగించాక క్రేన్ చక్కగా నడిచింది. అప్పుడే వాళ్లమ్మ వచ్చింది. దిష్టి తియ్యడానికి పట్టాయే దొరికిందా అని అడిగేశాను.

"మా ముసిలోడి కాలు ఇలాటి క్రేన్ కిందే పోనాది బాబూ. ఇప్పుడు వీడు తోల్తాడు. నానేటి సెయ్యగలను?"

నాకు సిగ్గేసింది. ఆమెను పట్టా చివరికి తీసుకెళ్లి లిమిట్ స్విచ్, దాని మీట చూపించాను. మోటారు లెక్క తప్పినా, క్రేన్ వచ్చి ఈ మీటకు తగిలితే కరెంటు పోతుంది, ఆపైన కదలదని చెప్పాను. కొడుకు నడిపాడు. క్రేన్ మీటకు తగిలి ఆగింది.

"ఇంకోపాలి" అంది. మళ్లీ ఆగింది.

ఆమె మీట మీద వేలు పెట్టింది. "అక్కడా ఇలాటిదే ఉన్నాదట. కడా రాళ్లు అందట్నేదని, మీట కదలకుండా తీగెట్టి కట్టీసినారట."

అలా కట్టేసిన మీటలు నేను చాలాచోట్ల చూశాను. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, నాను గుమ్మడికాయ మానీస్తాను. నువ్వు తీగ కట్టనని సెప్పు."

అతను చివరి వరస రాళ్ల వైపు చూశాడు. మీట దాటితే తప్ప అందని రాళ్లవి. ఆమె వేలు తియ్యలేదు.

"కట్టనమ్మా" అన్నాడు.