ఎత్తెక్కేటప్పటి చప్పుడు

ఆష్‌బర్న్‌లో మా పక్కింటి అంకుల్‌ది పాత పికప్ ట్రక్కు, కంప్యూటర్లు లేని కాలపు కార్బురేటర్ బండి. ఆయన ఈ దేశానికొచ్చి నలభై ఏళ్లు దాటింది. మెకానికల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆ బండి మీద మరొకరి చెయ్యి పడనిచ్చి ఎరగరు.

మొన్న వసంతంలో మా పెరటికి మట్టి బస్తాలు కావాలంటే ఆయనే ట్రక్కు తీశారు. తిరిగొస్తూ బరువుతో ఎత్తెక్కుతుంటే, గాజు సీసాలో మేకులు పోసి ఆడించినట్టు ఇంజన్లోంచి సన్నటి చప్పుడు మొదలైంది. ఏమైనా ఊడిందేమోనని అడిగాను.

“ఏ చప్పుడు?” అన్నారు.

ఇదిగో, ఇప్పుడు కూడా వస్తోందన్నాను. ఆయన కిటికీ అద్దం దించి, చెవి అటు వొగ్గి విన్నారు. ఇల్లు చేరేదాకా ఆ అద్దం ఎత్తలేదు.

నేను బస్తాలు దించబోతే వద్దన్నారు. బరువుంటేనే చప్పుడు తెలుస్తుందట. ఇంజన్ మీది హుడ్ ఎత్తి లోపలికి చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఇంజన్లో పెట్రోలుని అంటించే స్పార్క్ పడాల్సిన క్షణం కంటే బాగా ముందు పడితే ఆ చప్పుడొస్తుంది. అలాగే నడిపితే పిస్టన్లు పాడవుతాయి. ఆ టైమింగ్ ఆయన ఏళ్ల తరబడి చెవితోనే పెట్టుకున్నారు. స్పార్క్‌ని పంచే డిస్ట్రిబ్యూటర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ, ఎత్తు మీద చప్పుడు మొదలయ్యేదాకా ముందుకు జరిపి, అక్కణ్ణుంచి కాస్త వెనక్కి తేవడం. కిందటి నెలా అదే పని చేశారు.

“రావట్లేదని ఇంకా ఇంకా తిప్పానమ్మా. అది వస్తూనే ఉంది. నాకే వినపడలేదు.”



గరాజ్‌లో ఎక్కడో దుమ్ముపట్టి ఉన్న, స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు వెతికి తెచ్చారు. ఆ వెలుగులో ఇంజన్ చక్రం మీది గుర్తు చూసుకుంటూ స్పార్క్‌ని వెనక్కి జరిపారు. మళ్లీ అదే ఎత్తు మీదికి వెళ్లాం. చప్పుడు తగ్గింది గానీ పోలేదని చెప్పాను. ఇంకాస్త జరిపారు. ఈసారి నా చెవికి గాలి హోరు తప్ప ఏమీ తగల్లేదు.

“పోయిందా?”

“పోయింది అంకుల్.”

“ష్యూరేనా?”

ఇంకోసారి ఎక్కిద్దామన్నాను. ఎక్కించాం. నిజంగానే పోయింది. ఆయన మొహంలో మాత్రం సంతోషం లేదు. ఇంటి ముందు బండి ఆపాక, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి అన్నారు:

“రెండేళ్లుగా మీ ఆంటీ నాతో గొణుగుతున్నట్టే మాట్లాడుతోంది. కోపమేమో అనుకున్నా. నేనూ అడగడం మానేశా.”

తర్వాతి వారం ఆంటీ ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు రెండు చెవులకీ మెషీన్లున్నాయి. టైమింగ్ మాత్రం లైటు చూసే పెడుతున్నారు.

ట్రక్కుతో ఎత్తెక్కిన రోజు సంగతి ఆంటీ నాకు ఆమధ్య మెయిల్‌బాక్స్ దగ్గర చెప్పింది. గ్రీజు చేతులతోనే కిచెన్‌లోకి వచ్చారట. పొద్దున ఆంటీ తనతో ఏం చెప్పిందో మళ్లీ చెప్పమన్నారట.

“ఏం చెప్పానో నాకేం గుర్తు? కూర్చోబెట్టి ఏదో ఒకటి చెప్పానులే,” అంది.