గంటలో విశాఖ

హైదరాబాద్ నుంచి విశాఖకు విమానంలో గంట. ఈ మాట ఎవరన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కడి నుంచయ్యా గంట? బేగంపేట రన్‌వే పక్కన కాపురం ఉన్నవాడికి గంట. పటాన్‌చెరు పక్కన చిట్కుల్‌లో ఉన్న నాలాంటివాడికి కాదు.

తొంభైల్లో మా చెల్లెలి భర్తకు విశాఖ బదిలీ అయింది. ఆమెకు అక్కడ ఎవరూ తెలియదు. ఒకరోజు పొద్దున నేను పనిచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. బావకు పేగు మెలిపడిందట, సాయంత్రంలోగా ఆపరేషన్ చేయాలట, ఒప్పుకుంటున్నట్టు ఆమెను సంతకం పెట్టమంటున్నారట.

"అన్నా, నువ్వు పక్కన నిలబడితేనే పెడ్త. నాకు చేతులు ఆడ్తలెవ్వు," అని ఏడ్చింది.

మా మేనేజరుది విశాఖే. "ఫ్లైట్‌లో వెళ్లండి. గంటే కదండీ, ఇలా ఎక్కి అలా దిగిపోతారు," అని మధ్యాహ్నం విమానానికి టికెట్ తానే ఇప్పించాడు. నేను ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి చెల్లెలికి అదే గంట మాట చెప్పాను.

బట్టలు తెచ్చుకుందామని ఇంటికి వెళ్లడమే నా ఖర్మ. మా వాడలో అప్పటిదాకా విమానం ఎక్కినవాళ్లంటే దుబాయ్ పోయినవాళ్లే. నన్నూ వాళ్లలాగే సాగనంపాలని మేనత్త పట్టుపట్టింది. నేను సంచి పట్టుకుని బయటికి వచ్చేసరికి కిరాయి జీపు, బంతిపూల దండ, వాడంతా తయార్.

"అత్తా, ఆడ బావ దవాఖానల ఉన్నడే! జల్దీ పోవాలె."

"అందుకే చెప్తున్నరా. గాల్ల పోయేటోనివి, రుద్రారం గణపతికి కొబ్బరికాయ కొట్టకుంట ఎట్ల పంపుతం?"

రుద్రారం సంగారెడ్డి వైపు. బేగంపేట సరిగ్గా దానికి ఎదురు దిక్కు. నేను మొత్తుకుంటూనే ఉన్నాను, జీపు రుద్రారం వైపు తిరిగింది. గుడి ముందు కొత్త లారీలకు పూజలు. మా వంతు వచ్చేదాకా మేనత్త కదల్లేదు. తిరిగొస్తుంటే పటాన్‌చెరులో లారీలు, రామచంద్రాపురంలో షిఫ్టు బస్సులు. జీపు నడిచిన దానికంటే నిలబడిందే ఎక్కువ. విమానాశ్రయం చేరేసరికి కౌంటర్ మూసేశారు.

"ఇంకోటి రాదారా?" అంది మేనత్త, బస్సు పోయినట్టు.

రేపటిదాకా లేదన్నాను. అప్పుడు గానీ ఆమె మొహం పాలిపోలేదు. అరవాలనుకున్నాను గానీ నాలో ఓపిక లేదు. మెడలో దండ తీసి ఆమె చేతిలో పెట్టి ఎస్టీడీ బూత్‌కు పోయాను.

"దిగినవా అన్నా?" అంది చెల్లెలు, ఫోన్ ఎత్తగానే.

"బేగంపేటలనే ఉన్న. విమానం పోయింది చెల్లె. రైలుకొస్త."

"సరే. డాక్టర్ కాయితం పట్టుకొని నిలబడ్డడు," అని పెట్టేసింది.

జనరల్ పెట్టెలో కూర్చునే వెళ్లాను. మర్నాడు ఆసుపత్రికి చేరేసరికి బావ నిద్రపోతున్నాడు, గండం గడిచిందన్నారు. చెల్లెలు వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా మొహం చూసి, కూసో అన్నా అని చాయ్ తెప్పించింది.

"సంతకం పెట్టేటప్పుడు బాగ భయమైందా?" అన్నాను.

"నువ్వొస్తవని సూసినంత సేపు చెయ్యి వణికింది," అంది. "రావని తెల్సినంక ఆగింది."