వేడి వాటా

పోయినవి కూడితే రియాక్షన్ వేగం పెంచే రెండు ఉత్ప్రేరకపు పలకలు, ఒక పంపు, ఒక పరిశోధక విద్యార్థినికి ఇంకో ఏడాది దొరికే అవకాశం. ఆమె పనిచేసిన వేలూరు ప్రయోగశాలలో నేను స్టోరు చూసేవాణ్ని. నేను లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్నని ఆమె తన గ్రాఫులు నాకు చూపించేది.

ఆమె గుడియాత్తం నేతపనివాళ్ల బిడ్డ. ఏం వివరించినా పిడికిలి మూసి తెరిచేది.

"గట్టిగా పట్టుకునే పలక అణువును విరుస్తాదన్నా, కానీ వదలదు. అందుకే కరెంటుతో దాని పట్టు బిగిస్తా, సడలిస్తా, మళ్లా బిగిస్తా. అప్పుడు రియాక్షన్ పరిగెత్తాల."

మొదట ఆ లయను వాళ్ల నాయన మగ్గం తొక్కే వేగానికే పెట్టింది. చిన్నప్పటి నుంచి ఆమె చెవిలో ఉన్నది అదే. ఏ మార్పూ రాలేదు.

"ఏమ్మా, అణువులకు చీర నేస్తా ఉండావా?" అన్నాను.

"నవ్వుకో అన్నా," అంటూ వేగం పెంచుతూ పోయింది. ఆ ప్రయత్నాల్లోనే రెండు పలకలు, ఒక పంపు పాడయ్యాయి. ఆమె పరిశోధన గడువు ముగిసే వారంలో రియాక్షన్ రెట్టింపు వేగం అందుకుంది. ఆ గ్రాఫు నిధులిచ్చేవాళ్లకు పంపితే చాలు, గడువు ఇంకో ఏడాది పొడిగించేవారు. ప్రయోగశాలలో ఉన్న మేమంతా చప్పట్లు కొట్టాం. ఆమె మాత్రం పలక ఉన్న గొట్టాన్ని తాకి చూసింది.

"కరెంటుకు ఇది వేడెక్కి ఉండాది. వేడికి కూడా వేగం పెరుగుతాది కదా. ఆ వాటా తీసేసి చెప్పన్నా."

"లోపలి వేడి కొలిచే పరికరం మనకు యాడుండాదమ్మా? ఇట్లే పంపించు."

"తెలియందాన్ని తెలిసినట్టు ఎట్ల పంపేదన్నా?"

పంపలేదు. ఇప్పుడు గుడియాత్తంలో పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. కలిసినప్పుడల్లా "తేలిందా అన్నా?" అని అడుగుతుంది. ఆ రెట్టింపులో పలకది ఎంత, వేడిది ఎంత? ఆ అంకె నేను ఆమెకు నేటికీ బాకీ.